చీటీ చేతికొచ్చింది, బస్తా గోడౌన్‌లోనే ఉంది

నెల్లూరులో ఒక రొయ్యల మేత దుకాణానికి ఖాతాల ప్రోగ్రాం రాసిచ్చాను. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు గుంటలున్న రైతులు ఆ దుకాణంలో మేత అప్పుకి తీసుకెళ్తారు. గుంటలో రొయ్య పిల్ల వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే రోజు దాకా మూడు నాలుగు నెలలు బస్తాలు వెళ్తూనే ఉంటాయి. సరుకు అమ్ముడుపోయాక రైతు వచ్చి లెక్క తేల్చుకుంటాడు. ఒక్కో బిల్లుకీ దాని తేదీ నుంచి వడ్డీ నడుస్తుంది. మధ్యలో కట్టిన జమలు తగ్గించాలి, వెనక్కి తెచ్చిన బస్తాలు తీసేయాలి. చేత్తో వేస్తే ఒక్క ఖాతాకే పావుగంట పట్టే లెక్క అది. అందుకే ప్రోగ్రాం అడిగారు.

తెరవగానే అందరి పేర్లూ, ఎదురుగా అందరి బాకీలూ కనపడితే బాగుంటుందని నేనే అనుకున్నాను. నా కంప్యూటర్లో పది ఖాతాలతో చూసుకుంటే చక్కగా వచ్చింది. దుకాణంలో 400 ఖాతాలు ఎక్కాక సంగతి మారిపోయింది. ఒక్కో ఖాతాకి సెకనులో ఐదో వంతు పట్టినా 400 ఖాతాలకి 80 సెకన్లు. ఒక పొద్దున, రాత్రంతా పట్టుబడి దగ్గర మేలుకుని ఉన్న రైతు ఒకాయన నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. దుకాణం పెద్దాయన ప్రోగ్రాం తెరిచారు. స్క్రీన్ తెల్లగా మారి, పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడింది.

“ఏంది నాయనా, చచ్చిపోయిందా ఇది?” అని నాకు ఫోన్ చేశారు.

చచ్చిపోలేదు. లోపల లెక్క కడుతూనే ఉంది. ఆ చిక్కు విప్పడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. ఒంగోలు, కావలి, నెల్లూరు కాలేజీల్లో చదివి, చుట్టుపక్కల దుకాణాలకీ మిల్లులకీ సొంతంగా ప్రోగ్రాములు రాసిస్తున్న కుర్రాళ్లు ఇదే ముడి దగ్గర ఇరుక్కుంటున్నారు. నన్ను అడిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెప్తూ వచ్చాను. ఇప్పుడు మొత్తం ఒకచోట పెడుతున్నాను.

కౌంటర్ వదిలి వెళ్లిన మనిషి

ప్రోగ్రాం లోపల పనుల్ని ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోయే పనివాడిలాంటిదాన్ని థ్రెడ్ అంటారు. విండోస్‌లో తెర ఉన్న ప్రతి ప్రోగ్రాంకీ ఆ తెరని చూసుకునే థ్రెడ్ ఒకటి ఉంటుంది. యూఐ థ్రెడ్ అంటారు. మౌస్ నొక్కినా, కీ కొట్టినా, విండోని పక్కకి జరిపినా ఆ కబురు ఒక వరసలో చేరుతుంది. ఈ థ్రెడ్ వరసలోంచి ఒక్కో కబురూ తీసుకుని, దానికి చేయాల్సింది చేసి, మళ్లీ వరస దగ్గరికి వస్తుంది. దుకాణంలో కౌంటర్ మీద కూర్చున్న మనిషి చేసేది కూడా ఇదే. వచ్చినవాళ్లని వరసగా పలకరించి పంపించాలి. ఆ మనిషే లేచి, బస్తా తేవడానికి ఊరి బయట గోడౌన్‌కి వెళ్తే? దుకాణం తెరిచే ఉంటుంది, పలికేవాళ్లు ఉండరు.

నా ప్రోగ్రాం చేసింది అదే. 400 లెక్కలూ యూఐ థ్రెడ్ మీదే వేయించాను. ఒక విండో 5 సెకన్ల పాటు తన వరసలోని కబుర్లు తీసుకోకపోతే అది బిగుసుకుపోయిందని విండోస్ తీర్మానించుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ తాకిన వేలికి 5 సెకన్లలో జవాబు రాకపోతే యాప్ స్పందించడం లేదన్న హెచ్చరిక వస్తుంది. మనిషికి అంత ఓపిక కూడా ఉండదు. కంప్యూటర్ తెరల్ని మనుషులు ఎలా వాడతారో పరిశోధించిన జేకబ్ నీల్సన్ 1993లో రాసిన కొలతలు ఇప్పటికీ పనికొస్తాయి. 0.1 సెకనులోపు జరిగితే వెంటనే జరిగినట్టు అనిపిస్తుంది, 1 సెకను దాకా ఆలోచన తెగకుండా ఉంటుంది, 10 సెకన్లు దాటితే మనసు వేరే పని మీదకి పోతుంది. రాత్రంతా నిద్రలేని మనిషికి ఈ అంకెలు ఇంకా తగ్గించుకోవాలి.

మొదటి మందు: అడిగినప్పుడు చూద్దాం

400 బాకీలు కడుతున్నాను సరే, రోజుకి ఎంతమంది వస్తారు? పాతిక మంది. మిగతా ఖాతాల లెక్క ఆ రోజు ఎవరికీ అక్కర్లేదు. అయితే అడిగినప్పుడే కడదాం. దీన్నే లేజీ ఇవాల్యుయేషన్ అంటారు. బద్ధకం అని మాటకి మాట తెలుగు చేస్తే తప్పుడు అర్థం వస్తుంది. అవసరం వచ్చేదాకా లెక్కని వాయిదా వేసి, ఒకసారి కట్టాక ఆ జవాబు గుర్తుపెట్టుకోవడం, అంతే.

మేత దుకాణంలో దీనికి సరిపోయే వస్తువు ఉంది: చీటీ. కౌంటర్లో బిల్లు రాశాక ‘ఫలానా మేత, ఇన్ని బస్తాలు’ అని చీటీ రాసిస్తారు. రైతు ఆ చీటీ పట్టుకుని గోడౌన్‌కి వెళ్తే బస్తాలు ఎత్తిస్తారు. చీటీ రాయడానికి అర నిమిషం చాలు. బరువంతా గోడౌన్ దగ్గర ఉంది. లేజీ విలువ కూడా అలాంటి చీటీయే. విలువ ఉండాల్సిన చోట ‘దీన్ని ఇలా కట్టాలి’ అన్న సూచన మాత్రం ఉంటుంది. ఎవరైనా మొదటిసారి చదివినప్పుడు లెక్క జరుగుతుంది, చీటీ స్థానంలో జవాబు వచ్చి కూర్చుంటుంది.

ఈ చీటీకి ప్రోగ్రామింగ్‌లో ‘థంక్’ అని పేరుంది. 1961లో ఇంగర్‌మన్ అనే ఆయన, ఆల్గాల్ 60 భాషలో ఫంక్షన్లకి పంపే విలువల్ని ఎలా కట్టాలో చెబుతూ ఆ పేరు వాడారు. అప్పటి పద్ధతిలో చీటీ చదివిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదట్నుంచీ జరిగేది. ఒకసారి కట్టింది దాచుకునే పద్ధతిని 1971లో వాడ్స్‌వర్త్ తన పరిశోధనలో చూపించారు. 1976లో హెండర్సన్, మోరిస్ ఇద్దరూ ఒకవైపు, ఫ్రీడ్‌మన్, వైజ్ ఇద్దరూ ఇంకోవైపు దీని మీద పేపర్లు రాశారు. 1990లో వచ్చిన హాస్కెల్ భాషలో అయితే మామూలు పద్ధతే ఇది. అక్కడ మనం ఏం రాసినా ముందు చీటీ పుడుతుంది.

నేను సీ షార్ప్ భాషలో రాస్తున్నాను. అందులో ‘లేజీ’ అనే తయారు వస్తువు 2010లో, ఆ భాష నడిచే మైక్రోసాఫ్ట్ వేదిక డాట్ నెట్ 4తో వచ్చింది. ప్రతి ఖాతా పక్కన బాకీ బదులు ఒక లేజీ చీటీ పెట్టాను. ప్రోగ్రాం ఒక్క సెకనులో తెరుచుకుంది. పెద్దాయన సంతోషించారు, నేనూ సంతోషించాను.

రెండు రోజులకి మళ్లీ ఫోన్. చాలా ఏళ్లుగా మేత తీసుకుంటున్న ఒక రైతు ఖాతా నొక్కితే 6 సెకన్లు తెల్లబోయి ఆగిపోతోంది. చిన్న ఖాతాలు బాగానే వస్తున్నాయి. పని ఎక్కడికీ పోలేదు. ప్రోగ్రాం తెరిచేటప్పటి భారం ఖాతా నొక్కినప్పటికి మారింది. రైతు ఎదురుగా నిలబడి ఉండగా, సరిగ్గా ఆ క్షణానికి మారింది. లేజీ అని రాస్తే పని వెనకాల ఎక్కడో జరిగిపోతుందని నేను లోలోపల అనుకున్నాను. ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు, నేనే ఊహించుకున్నాను. నన్ను అడిగే కుర్రాళ్లలో సగానికి పైగా ఇదే ఊహతో వస్తారు.

పని ఎప్పుడు మొదలవుతుంది అన్నది ఒక ప్రశ్న. పని ఎవరు చేస్తారు అన్నది ఇంకో ప్రశ్న. లేజీ మొదటిదానికి మాత్రమే జవాబు చెప్తుంది: అడిగినప్పుడు. ఎవరు చేయాలో అది చెప్పదు కాబట్టి అడిగినవాళ్ల మీదే పని పడుతుంది. యూఐ థ్రెడ్ అడిగితే యూఐ థ్రెడ్డే గోడౌన్‌కి నడవాలి. బ్యాక్‌గ్రౌండ్ టాస్క్, అంటే వెనకాల వేరే థ్రెడ్‌కి అప్పగించిన పని, రెండోదానికి జవాబు చెప్తుంది: వేరే మనిషి. ఆ మనిషి ఇప్పుడే బయల్దేరతాడా, మనం అడిగాక బయల్దేరతాడా అన్నది అక్కడ తేలదు. నా మొదటి ప్రోగ్రాంలో పని ‘ఇప్పుడే, నేనే’. లేజీ పెట్టాక ‘తర్వాత, నేనే’. నాకు కావలసింది ‘తర్వాత, వేరేవాళ్లు’. ఇంకో జత కూడా ఉంది, ‘ఇప్పుడే, వేరేవాళ్లు’. దాని అవసరం తర్వాత వచ్చింది.

ఈ రెండూ కలిసిపోవడానికి కారణం లేకపోలేదు. రెండూ ఒకే కాలంలో, కొంతవరకు ఒకే మనుషుల చేతుల్లో పెరిగాయి. జరుగుతున్న పనికి హామీగా ఇచ్చే ‘ఫ్యూచర్’ అన్న మాట 1977లో బేకర్, హెవిట్ రాసినదాంట్లో ఉంది. ‘ప్రామిస్’ అన్న మాటని ఆ ఫ్రీడ్‌మన్, వైజ్‌లే 1976లో వాడారు. 1988లో లిస్కోవ్, శ్రీరా దాన్ని వేరే యంత్రాల మీద జరిగే పనులకి తెచ్చారు. రెండు పద్ధతుల్లోనూ విలువ బదులు చేతికి వచ్చేది ఒక కాగితమే. ఒక కాగితం వెనక మనిషి అప్పటికే బయల్దేరి ఉంటాడు, ఇంకో కాగితం వెనక ఎవరూ కదిలి ఉండరు. చూడ్డానికి మాత్రం రెండు కాగితాలూ ఒకటే.

భాష మారితే ఇది ఇంకా తికమక పెడుతుంది. జావాస్క్రిప్ట్‌లో ప్రామిస్ తయారు చేసిన క్షణంలోనే దాని పని మొదలవుతుంది, ఎవరూ అడగక్కర్లేదు. రస్ట్‌లో 2019లో స్థిరపడిన అసింక్ పద్ధతిలో (పని అయ్యేదాకా థ్రెడ్‌ని కట్టేయకుండా రాసే పద్ధతి) ఫ్యూచర్ ఎవరో ఒకరు కదిలించేదాకా వేలు కూడా కదపదు. పైథాన్‌లో అసింక్ ఫంక్షన్‌ని పిలిస్తే చేతికి చీటీ వస్తుంది. ‘జవాబు వచ్చాక ఇక్కడి నుంచి కొనసాగించు’ అని చెప్పే ‘అవెయిట్’ అన్న మాట రాయడం మర్చిపోతే ఆ పని అసలు జరగనే జరగదు, చివర్లో ఒక హెచ్చరిక మాత్రం కనపడుతుంది. సీ షార్ప్‌లో అసింక్ ఫంక్షన్ నిజంగా ఆగాల్సిన మొదటి అవెయిట్ దాకా పిలిచినవాళ్ల థ్రెడ్ మీదే నడుస్తుంది. రాసే మాటలు నాలుగింటిలోనూ దాదాపు అవే. ఒక భాషలో అలవాటైన చేయి ఇంకో భాషలోకి వెళ్లేటప్పుడు ముందు ఈ ఒక్క విషయం కనుక్కోవాలి: కాగితం చేతికొచ్చేసరికి మనిషి బయల్దేరాడా లేదా?

వెనక్కి పంపినా ముందే జరిగిన పని

ఇక నేను బాగా దెబ్బతిన్న చోటు. 6 సెకన్ల లెక్కని బ్యాక్‌గ్రౌండ్‌కి పంపాలని నిర్ణయించుకున్నాను. అదే ఊపులో పాత లూప్ తీసేసి, కోడ్‌ని లింక్ క్వెరీగా మార్చి రాశాను. లింక్ అంటే 2007లో సీ షార్ప్‌కి వచ్చిన సదుపాయం. జాబితాలోంచి కావలసినవి ఎంచుకుని, ఒక్కోదాని మీద ఒక లెక్క వేయమని వాక్యంలా చెప్పొచ్చు. ‘ఈ రైతు బిల్లులన్నీ తీసుకో, ఒక్కోదానికీ వడ్డీతో సహా బాకీ కట్టు’ అని రాసి, మొత్తాన్ని, పనిని వేరే థ్రెడ్‌కి అప్పగించే ‘టాస్క్ రన్’లో పెట్టి, వచ్చిన జాబితాని తెర మీద పట్టికకి ఇచ్చాను. తర్వాత అదే జాబితాని కూడి మొత్తం బాకీ చూపించాను.

ముందు 6 సెకన్లు ఆగేది. ఇప్పుడు 12 సెకన్లు ఆగింది.

పని వెనక్కి పంపాక తెర ఆగకూడదు. ఆగినా సమయం రెట్టింపు అవడం ఏమిటి? బ్యాక్‌గ్రౌండ్ పని మొదట్లో, చివర్లో టైం రాసుకునేలా పెట్టి చూశాను. అది కొన్ని మిల్లీసెకన్లలో అయిపోయిందని వచ్చింది. 6 సెకన్ల లెక్క మిల్లీసెకన్లలో అవ్వదు. అంటే అక్కడ లెక్క జరగనే లేదు.

లింక్ క్వెరీ కూడా చీటీయే. ‘ఎంచు, కట్టు’ అని రాసినప్పుడు ఏదీ ఎంచదు, ఏదీ కట్టదు. ఎవరైనా ఆ జాబితాని ఒక్కొక్కటిగా చదవడం మొదలుపెట్టినప్పుడే పని జరుగుతుంది. నేను గోడౌన్‌కి మనిషిని పంపాను. ఆయన అక్కడికి వెళ్లి, బస్తా ఎత్తకుండా, ‘బస్తా ఇలా ఎత్తాలి’ అని ఇంకో చీటీ రాసి పట్టుకొచ్చాడు. నా టాస్క్ పూర్తయినట్టే లెక్క, చేతికి ఏదో వచ్చింది కదా. ఆ చీటీని పట్టిక చదివింది. పట్టిక యూఐ థ్రెడ్ మీద ఉంటుంది, కాబట్టి 6 సెకన్లు అక్కడే కూర్చుంది. తర్వాత కూడిక కోసం మళ్లీ చదివాను. ముందు చెప్పిన లేజీ వస్తువుకి జవాబు గుర్తుంటుంది, లింక్ చీటీకి ఆ అలవాటు లేదు. 1961 నాటి థంక్‌లాగా చదివిన ప్రతిసారీ మొదట్నుంచీ కడుతుంది. అందుకే ఇంకో 6.

మందు ఒక్క మాట. బ్యాక్‌గ్రౌండ్ పని ముగిసేలోపు, అక్కడే, ‘టు లిస్ట్’ అని రాయాలి. అప్పుడు జాబితా మొత్తం అక్కడే చదివి, కట్టిన జవాబులతో బయటికి వస్తుంది. ఆ ఒక్క మాట కోసం నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

హాస్కెల్ రాసేవాళ్లకి ఈ గుంట పాతదే. వెనక థ్రెడ్ లెక్క కట్టి పెట్టెలో పెడుతుంది అనుకుంటే, కట్టని థంక్‌ని పెట్టెలో పెట్టి వెళ్లిపోతుంది, పెట్టె తెరిచినవాళ్లు కట్టుకోవాలి. అందుకే అక్కడ లోపలి దాకా కట్టించే ‘డీప్ సెక్’ లాంటి సాధనాలు ఉన్నాయి. పై పొర కట్టి లోపలివి చీటీలుగా వదిలేసే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ఆ పేరులో ‘డీప్’ ఉంది.

చీటీల్లో ఇంకో సంగతి డబ్బుకి సంబంధించింది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చీటీ మీద రేటు అంకెగా రాసి ఉందా, లేక ‘అప్పటి రేటు’ అని రాసి ఉందా? వడ్డీ రేటు ఒక వేరియబుల్‌లో (అంకెని దాచి, కావాలంటే మార్చుకునే గడి) పెట్టుకుని, ఆ వేరియబుల్‌ని క్వెరీలో వాడాను. చీటీ రాసినప్పుడు రేటు ఎంత ఉందో అది లెక్కలోకి రాదు. చీటీ చదివినప్పుడు ఆ వేరియబుల్‌లో ఏముందో అది వస్తుంది. ఈలోపు ఎవరైనా సెట్టింగ్స్‌లో రేటు మార్చితే పాత బిల్లులకి కొత్త వడ్డీ పడుతుంది. కోడ్ పైనుంచి కిందికి చదివితే తప్పు ఎక్కడా కనపడదు. డేటాబేస్ కనెక్షన్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. చీటీ రాశాక కనెక్షన్ మూసేసి, తర్వాత చదివితే గోడౌన్ తలుపు తాళం వేసి ఉంటుంది. కనెక్షన్ గొడవ మంచిదే, ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. రేటు గొడవ ఎర్రర్ లేకుండా తప్పు అంకె చూపిస్తుంది. రైతు చేతిలో పెట్టే కాగితం మీద ఆ అంకె ఉంటుంది. వాయిదా వేసే లెక్కకి కావలసిన అంకెలన్నీ చీటీ రాసేటప్పుడే విడిగా కాపీ చేసి ఇవ్వాలని అప్పట్నుంచీ నియమం పెట్టుకున్నాను.

ఒకే చీటీ ఇద్దరి చేతుల్లో

సాయంత్రం పూట బాకీ ఉన్నవాళ్లందరికీ మెసేజ్ పంపే పని ఒకటి ప్రోగ్రాంలో ఉంది. అది బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తూ ఒక్కో ఖాతా చీటీని చదువుతుంది. అదే సమయంలో కౌంటర్లో పెద్దాయన అదే ఖాతా నొక్కితే? సీ షార్ప్ లేజీ మామూలుగా ఒక్కరినే లోపలికి పంపుతుంది. మెసేజ్ పని లెక్క కడుతున్నంతసేపూ రెండోవాళ్లు గుమ్మం దగ్గర నిలబడాలి. లెక్క రెండుసార్లు జరగదు, అంతవరకు మేలు. కానీ గుమ్మం దగ్గర నిలబడింది యూఐ థ్రెడ్. తెర మళ్లీ తెల్లబోతుంది, ఈసారి తాను చేయని పని కోసం.

ఇక్కడ రెండు ప్రశ్నల జవాబుల్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టాలి. లేజీ లోపల బాకీ అంకె పెట్టే బదులు, బాకీ కట్టే టాస్క్‌ని పెట్టాను. మొదట అడిగినవాళ్ల వల్ల మనిషి బయల్దేరతాడు. లేజీ నుంచి చేతికొచ్చేది ఆ మనిషి తాలూకు హామీ, అది క్షణంలో వస్తుంది. రెండోసారి అడిగినవాళ్లకీ అదే హామీ అందుతుంది, ఇంకో మనిషిని పంపాల్సిన పని ఉండదు. ఆ తర్వాత అవెయిట్ అంటే, ‘బస్తా వచ్చినప్పుడు పిలవండి, ఈలోపు కౌంటర్ చూసుకుంటాను’ అని చెప్పడం. యూఐ థ్రెడ్ తన వరస దగ్గరికి వెళ్లిపోతుంది. లెక్క అయ్యాక మిగతా భాగం మళ్లీ యూఐ థ్రెడ్ మీదే కొనసాగుతుంది, అది కూడా అవసరమే, ఎందుకంటే తెర మీది వస్తువుల్ని వేరే థ్రెడ్ తాకకూడదు.

అవెయిట్ బదులు ‘రిజల్ట్’ అని అడిగితే మాత్రం కొంప మునుగుతుంది. యూఐ థ్రెడ్ జవాబు కోసం కట్టేసినట్టు నిలబడిపోతుంది. అసింక్ ఫంక్షన్ తన చివరి ముక్క పూర్తి చేయడానికి యూఐ థ్రెడ్ ఖాళీ అవ్వాలని చూస్తుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు, సాయంత్రం దాకా.

ఈ అమరికలో నాకు ఆలస్యంగా తెలిసిన లోపం ఒకటుంది. ఒక మధ్యాహ్నం గోడౌన్‌లో కరెంటు పోయింది. డేటా ఉన్న కంప్యూటర్ అక్కడే ఉంది. ఆ నిమిషంలో నొక్కిన ఖాతాకి ఎర్రర్ వచ్చింది, అది సహజం. కరెంటు వచ్చాక మిగతా ఖాతాలన్నీ తెరుచుకున్నాయి, ఆ ఒక్కటి మాత్రం సాయంత్రం దాకా ఎర్రరే చూపించింది. లేజీ జవాబుని గుర్తుపెట్టుకున్నట్టే వైఫల్యాన్నీ గుర్తుపెట్టుకుంటుంది. లోపల ఉన్న టాస్క్ ఓడిపోయిన టాస్క్, అడిగిన ప్రతివాళ్లకీ అదే అందుతోంది. ప్రోగ్రాం మూసి తెరిస్తేగానీ పోలేదు. ఇప్పుడు టాస్క్ ఎర్రర్‌తో ముగిస్తే ఆ చీటీని చింపి కొత్తది పెడుతున్నాను.

గుర్తుపెట్టుకోవడంలో ఇంకో చిక్కు కూడా వడ్డీ లెక్కలకి ఉంది. నిన్న కట్టిన బాకీ ఇవాళ్టికి తప్పు. రాత్రి ప్రోగ్రాం మూయకుండా వెళ్లిపోతే, పొద్దున్నే కనపడేది నిన్నటి అంకె. కొత్త బిల్లు పడినా, జమ వచ్చినా అంతే. కాబట్టి చీటీలు రైతు పేరుతో పాటు తేదీ కలిపి దాచాలి, ఖాతాలో ఏది మారినా ఆ రైతు చీటీ చింపేయాలి.

తప్పు మనిషి బాకీ

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే ఉంది. పెద్దాయన పెద్ద ఖాతా నొక్కారు, లెక్క వెనక మొదలైంది. ఇంతలో వేరే రైతు తొందర పెడితే ఆయన చిన్న ఖాతా నొక్కారు. చిన్నది వెంటనే వచ్చి తెర మీద కూర్చుంది. రెండు సెకన్ల తర్వాత పెద్ద ఖాతా లెక్క పూర్తయి, అదీ తెర మీదకి వచ్చింది. పైన చిన్న రైతు పేరు, కింద పెద్ద రైతు బాకీ. పరీక్షించేటప్పుడు నా కళ్లముందే జరిగింది కాబట్టి సరిపోయింది. అది కౌంటర్లో జరిగి, ఆ అంకె పైకి చదివి ఉంటే? ఏళ్ల తరబడి నోటి మాట మీద మేత తీసుకెళ్తున్న మనిషికి అక్కడ నమ్మకం పోతుంది, నా ప్రోగ్రాం వల్ల.

పని వెనక్కి పంపిన ప్రతిచోటా ఈ ప్రమాదం ఉంటుంది. పంపిన వరసలోనే జవాబులు రావాలని లేదు. అందుకే జవాబు వచ్చినప్పుడు, దాన్ని తెర మీద పెట్టే ముందు, ‘ఇప్పుడు తెర మీద ఉన్నది ఈ రైతేనా?’ అని అడిగి, కాకపోతే పక్కన పెట్టాలి. రెండు వరసల కోడ్ అది. రాయకపోతే రోజూ బాగానే నడుస్తుంది, రద్దీ ఉన్న రోజు మాత్రమే తప్పుతుంది.

పాత పనిని ఆపేయొచ్చు కదా అంటారు. ఆపమని చెప్పడానికి క్యాన్సిలేషన్ టోకెన్ ఉంది. కానీ అది ఒక సైగ మాత్రమే. పని చేస్తున్న కోడ్ మధ్య మధ్యలో తలెత్తి ఆ సైగ చూసుకుంటేనే ఆగుతుంది. ఒక్కో బిల్లు అయ్యాక చూసుకునేలా రాశాను. అయినా తెర దగ్గరి పరీక్ష తీసేయలేదు. ఆగమన్న క్షణానికే జవాబు దారిలో ఉండొచ్చు.

ముందే అడగాల్సిన ప్రశ్న

వెనక్కి తిరిగి చూసుకుంటే, లేజీ గురించీ థ్రెడ్ల గురించీ ఆలోచించే ముందు ఒకటి చూడాల్సింది. ఒక ఖాతాకి 6 సెకన్లు అసలు ఎందుకు పట్టాలి? లెక్కలో ఉన్నవి కూడికలు, గుణకారాలే. విప్పి చూస్తే, ఒక్కో బిల్లుకీ దానికి సంబంధించిన జమల కోసం డేటాబేస్‌ని విడిగా అడుగుతున్నాను. 300 బిల్లులుంటే 300 సార్లు గోడౌన్‌కి వెళ్లి రావడం. జమలన్నీ ఒకేసారి తెచ్చుకునేలా మార్చగానే ఆ పెద్ద ఖాతా కూడా ఒక సెకనులోపుకి వచ్చింది. వాయిదా వేయడం, వేరేవాళ్లకి అప్పగించడం కంటే ముందు పనినే చిన్నది చేయాలి. అయినా బ్యాక్‌గ్రౌండ్ అమరిక తీసేయలేదు. గోడౌన్ దాకా ఉన్న నెట్ ఒక్కోరోజు నత్తలా నడుస్తుంది, ఆ రోజు అర సెకను పని పది సెకన్లవుతుంది.

ఆ పనిలో ఎదురుచూపు ఎంత, నిజమైన లెక్క ఎంత అన్నది కూడా విడదీసి చూడాలి. డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూడటానికి ప్రత్యేకంగా ఒక థ్రెడ్‌ని నిలబెట్టక్కర్లేదు, అవెయిట్ చాలు. ప్రాసెసర్‌ని తినే లెక్కకే వేరే థ్రెడ్ కావాలి. పైథాన్ రాసేవాళ్లు ఇక్కడ ఇంకొంచెం జాగ్రత్తపడాలి. మామూలు పైథాన్‌లో ఒక తాళం ఉండటం వల్ల ఒక్క క్షణంలో ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడ్ నడుపుతుంది. ఎదురుచూపులకి థ్రెడ్లు పనికొస్తాయి, బరువైన లెక్కలకి వేరే ప్రాసెస్‌లు, అంటే విడిగా నడిచే ప్రోగ్రాములు, వాడాల్సి వస్తుంది. ఆ తాళం లేని రకం 2024లో పైథాన్ 3.13తో ప్రయోగంగా మొదలైంది.

ఇక ఇందాక పక్కన పెట్టిన జత, ‘ఇప్పుడే, వేరేవాళ్లు’. రేపు ఎవరి గుంటలు పడుతున్నారో దుకాణంలో ముందురోజు సాయంత్రానికే తెలుసు. ఆ రైతులు పొద్దున్నే వస్తారని కూడా తెలుసు. తప్పకుండా అడుగుతారని తెలిసిన లెక్కని అడిగేదాకా వాయిదా వేయడంలో అర్థం లేదు. ఇప్పుడు ఆ పేర్లు ముందురోజే గుర్తు పెట్టుకుంటున్నారు. పొద్దున ప్రోగ్రాం తెరవగానే ఆ నాలుగైదు చీటీల్ని అది తనంతట తానే వెనకాల చదివిస్తుంది, ఆ రోజు తేదీతోనే కడుతుంది కాబట్టి అంకె కూడా సరైనదే వస్తుంది. మిగతా ఖాతాలు చీటీలుగానే ఉంటాయి. ఎవరూ అడగని చీటీ సాయంత్రానికి అలాగే మాయమైపోతుంది. కానీ చీటీలు ఊరికే రావని గుర్తుంచుకోవాలి. ప్రతి చీటీ తన లెక్కకి కావలసిన సరుకుని మెమరీలో పట్టుకునే ఉంటుంది. ఒక్కో చీటీలో రైతు బిల్లులన్నీ పెట్టుకుంటే, కట్టని 400 లెక్కలు కట్టిన 400 అంకెల కంటే చాలా ఎక్కువ చోటు తింటాయి. అందుకే చీటీలో ఖాతా నంబరు, తేదీ, రేటు మాత్రమే పెట్టాను.

అంతా కుదిరిందనుకున్నాక పెద్దాయన ఇంకో మాట అడిగారు. “లెక్క వచ్చేదాకా అక్కడ సున్నా చూపిస్తా ఉంది నాయనా. మొన్న ఒకాయన పక్కనుంచి తొంగి చూసి, నా బాకీ తీరిపోయిందా అన్నాడు.”

నిజమే. అంకె రాని చోట సీ షార్ప్ పెట్టే సున్నానే నేను అలా వదిలేశాను. అప్పు ఉన్న మనిషికి ఆ సున్నా చాలా పెద్ద మాట. ఒక్క సెకను కనపడినా సరే, అది ఉండకూడదు. ఆ రోజే మార్చాను. ఇప్పుడు ఖాతా నొక్కగానే పేరు, ఊరు, ఆఖరి బిల్లు వెంటనే వస్తాయి. బాకీ గడిలో అంకె ఏదీ ఉండదు. ‘లెక్క కడుతున్నాం’ అని ఉంటుంది, లెక్క వచ్చాక ఆ మాటలు పోయి అంకె వస్తుంది.